ఇళ్ళ పేరయ్య కావాలంటే...

ఉగాది పచ్చడి చేతిలో పట్టుకుని ఒకరు, దీపావళి భోజనాల వరసలో నిలబడి మరొకరు, గత కొన్నేళ్ళుగా నన్ను అడుగుతున్న ప్రశ్న ఒకటే. "వదినా, రియల్ ఎస్టేట్ లైసెన్సు నేను కూడా తీసుకుందామనుకుంటున్నాను. ఎన్నాళ్ళు పడుతుంది? శని, ఆదివారాల్లో చేసుకునే పనే కదా?" వడ్డించిన గారెలు చల్లారేలోపల చెప్పగలిగిన సమాధానం కాదది. అందుకని ఈసారి ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని సంపాదకులు అడగగానే ఇదే రాస్తానని ఒప్పుకున్నాను.

మనవాళ్ళకి ఈ వృత్తి కొత్తదేమీ కాదు. పెళ్ళిళ్ళ పేరయ్య గారిని ఎరగని తెలుగువాడు ఉండడు. చంకలో గొడుగు, సంచిలో జాతకాలు. అబ్బాయి వాళ్ళింట్లో అమ్మాయిని పొగిడి, అమ్మాయి వాళ్ళింట్లో అబ్బాయిని పొగిడి, రెండు వైపులా సంభావన పుచ్చుకునే పెద్దమనిషి. ఇళ్ళు, పొలాలు బేరం కుదిర్చేవారిదీ ఇంచుమించు అదే పద్ధతి. అమ్మేవాడి దగ్గర కొంత, కొనేవాడి దగ్గర కొంత. చదువు, పరీక్ష అనే మాటలే లేవు. నోటి మంచితనమే పెట్టుబడి.

మనం ఉంటున్న ఈ టెక్సాస్‌లో మాత్రం, లైసెన్సు లేకుండా ఇంకొకరి ఇల్లు అమ్మిపెట్టి కమిషన్ పుచ్చుకుంటే అది నేరం. 1949లో ఏర్పడిన టెక్సాస్ రియల్ ఎస్టేట్ కమిషన్ ఈ వ్యవహారమంతా చూస్తుంది. ఇళ్ళ పేరయ్య కావాలంటే ముందు ఆ కమిషన్ గడప తొక్కాలి.

నాన్నగారి బల్ల దగ్గర నుంచి

మా నాన్నగారు తెనాలిలో దస్తావేజులు రాసేవారు. సబ్ రిజిస్ట్రారు కచేరీ దగ్గర చెట్టు కింద ఒక బల్ల, దాని మీద స్టాంపు కాగితాలు, ఇంకు బుడ్డి. తూర్పున ఫలానావారి దొడ్డి, పడమర పంచాయతీ బాట అని హద్దులు రాస్తుంటే నేను పక్కన కూర్చుని చూసేదాన్ని. లింకు డాక్యుమెంట్లు, ఈసీ చూడకుండా ఆయన కలం కదిలేది కాదు. "అమ్మా, ఇది వాళ్ళు జన్మంతా కూడబెట్టిన సొమ్ము. ఒక్క సర్వే నంబరు తప్పు పడితే మనవల దాకా కోర్టుల చుట్టూ తిరుగుతారు" అనేవారు.

నేను 2009లో హెచ్-4 మీద డల్లాస్ వచ్చాను. ఉద్యోగం చేసే హక్కు లేదు. 2015 మే 26 నుంచి, గ్రీన్ కార్డు దారిలో కొంత దూరం వచ్చిన హెచ్-1బి వారి భార్యాభర్తలకు పని చేసుకునే అనుమతి ఇస్తూ నిబంధన అమలులోకి వచ్చింది. ఆ కార్డు చేతికి వచ్చాక ఏం చెయ్యాలా అని ఆలోచిస్తే నాన్నగారి బల్లే గుర్తొచ్చింది. 2016లో లైసెన్సు తీసుకున్నాను.

ఇక్కడ ఒక హెచ్చరిక. టెక్సాస్‌లో లైసెన్సుకు పౌరసత్వం అక్కరలేదు, చట్టబద్ధంగా ఈ దేశంలో ప్రవేశించి ఉంటే చాలు. ఆ మాట చదివి హెచ్-1బి మీద ఉన్న తమ్ముళ్ళు చాలామంది సంబరపడతారు. పాఠాలు చదవవచ్చు, పరీక్ష రాయవచ్చు, కార్డు తెచ్చుకోవచ్చు. కానీ హెచ్-1బి ఒక యజమానికి కట్టిపడేసిన అనుమతి. ఆ యజమాని కోసం తప్ప పని చెయ్యకూడదు. కాబట్టి ఇల్లు అమ్మి కమిషన్ పుచ్చుకుంటే అది అనుమతి లేని పని అవుతుంది. లైసెన్సు ఇచ్చేది రాష్ట్రం, పని చేసే హక్కు ఇచ్చేది కేంద్రం. ఈ రెండింటినీ కలగాపులగం చేసుకుని గ్రీన్ కార్డుకే ఎసరు తెచ్చుకోకండి. ఇమ్మిగ్రేషన్ లాయరును అడగకుండా అడుగు వెయ్యవద్దు.

నూటఎనభై గంటలు

ఇక చదువు సంగతి. పద్దెనిమిదేళ్ళు నిండాలి. ఏ డిగ్రీ అక్కరలేదు. కమిషన్ ఆమోదించిన స్కూల్లో ఆరు పాఠ్యాంశాలు, ఒక్కొక్కటి 30 గంటలు, మొత్తం 180 గంటలు చదవాలి. ప్రిన్సిపుల్స్ ఆఫ్ రియల్ ఎస్టేట్ రెండు భాగాలు, లా ఆఫ్ ఏజెన్సీ, లా ఆఫ్ కాంట్రాక్ట్స్, కమిషన్ తయారుచేసిన కాంట్రాక్టు ఫారాల గురించి ఒకటి, రియల్ ఎస్టేట్ ఫైనాన్స్. ఇంట్లో కూర్చుని కంప్యూటరు మీద కూడా చదువుకోవచ్చు. పక్క రాష్ట్రాల్లో మన బంధువులు చెప్పే లెక్కలు వేరుగా ఉంటాయి, వాటితో పోల్చుకుని కంగారుపడకండి. న్యూజెర్సీలో 75 గంటలు, మసాచుసెట్స్‌లో 40, ఫ్లోరిడాలో 63, కాలిఫోర్నియాలో మూడు కోర్సులు కలిపి 135. ఏ రాష్ట్రం చట్టం ఆ రాష్ట్రానిదే.

చదువు అయ్యాక దరఖాస్తు, వేలిముద్రలు, పాత కేసులేమైనా ఉన్నాయేమోనని విచారణ. ఎప్పుడో ఏదో చిక్కులో ఇరుక్కున్నవారు డబ్బు ఖర్చు పెట్టుకోకముందే "నాకు అర్హత ఉందా?" అని కమిషన్‌ను ముందుగా అడిగి తెలుసుకునే సదుపాయం ఉంది. దరఖాస్తు పెట్టిన ఏడాదిలోపల అన్నీ పూర్తి కావాలి.

పరీక్షలో రెండు భాగాలు. ఒకటి దేశమంతటికీ వర్తించే విషయాల మీద, రెండోది టెక్సాస్ చట్టాల మీద. రెండింట్లోనూ విడివిడిగా నూటికి డెబ్బై రావాలి. మూడుసార్లు తప్పితే మళ్ళీ క్లాసుకు పోవాల్సిందే. తప్పిన భాగం ఒకటైతే 30 గంటలు, రెండూ తప్పితే 60 గంటలు.

లెక్కలంటే భయపడేవారికి ఒక చిన్న ధైర్యం. క్లాసులో ఎకరానికి ఎన్ని చదరపు అడుగులని అడిగితే అందరూ తెల్లమొహాలు వేశారు. ఎకరానికి నూరు సెంట్లు, సెంటుకు 48.4 గజాలు, అంటే 4,840 గజాలు, దాన్ని తొమ్మిదితో హెచ్చవేస్తే 43,560 అడుగులు. నేను నోటితోనే చెప్పేసరికి పంతులమ్మ ఆశ్చర్యపోయింది. తెలంగాణ సోదరులైతే గుంటకు 121 గజాలు, ఎకరానికి 40 గుంటలు అని అక్కడికే చేరతారు. ఇంగ్లీషువాడి ఎకరం మన పొలాల్లోనూ అదే, వీళ్ళ రాంచీల్లోనూ అదే.

ఖాళీలు నింపడం తప్ప

నాకు మింగుడుపడనిది కాంట్రాక్టు ఫారాల పాఠం. ఈ ఫారాలను ఆరుగురు బ్రోకర్లు, ఆరుగురు లాయర్లు, ఒక సామాన్య పౌరుడు ఉండే సంఘం రూపొందిస్తుంది. ఏజెంటు ఆ ఫారంలో ఖాళీలు నింపాలే తప్ప సొంతంగా న్యాయపరమైన షరతులు రాయకూడదు. రాస్తే లైసెన్సు లేకుండా లాయరు పని చేసినట్టు. దస్తావేజులు రాసినాయన కూతుర్ని, నాకు ఖాళీలు మాత్రమే నింపమంటారేమిటని ఉక్రోషం వచ్చింది. ఫోన్లో చెబితే నాన్నగారు నవ్వి, "మంచిదే కదమ్మా, తప్పు రాసే అవకాశం తగ్గుతుంది" అన్నారు.

లా ఆఫ్ ఏజెన్సీ మన పేరయ్య గారికి పూర్తిగా ఎదురు తిరిగే పాఠం. నువ్వు ఎవరి మనిషివో వారి మేలే చూడాలి. వారి మాట వినాలి, వారి రహస్యం కాపాడాలి, తెలిసినది దాచకుండా చెప్పాలి, డబ్బుకు లెక్క చెప్పాలి. అమ్మేవారూ మనవాళ్ళే, కొనేవారూ మనవాళ్ళే అని ఒక్క ఏజెంటే ఇద్దరికీ సలహాలు చెప్పడం కుదరదు. ఇద్దరూ రాతపూర్వకంగా ఒప్పుకుంటే బ్రోకరు మధ్యవర్తిగా ఉండి, ఒక్కొక్కరికి ఒక్కో ఏజెంటును నియమించవచ్చు.

పరీక్ష పాసైనంత మాత్రాన పని మొదలుపెట్టలేరు. ఒక బ్రోకరు మిమ్మల్ని తన పూచీ మీద తీసుకునేదాకా ఆ లైసెన్సు నిద్రపోతూనే ఉంటుంది. మీరు చేసే ప్రతి పనికీ ఆ బ్రోకరు బాధ్యత వహించాలి. కమిషన్ కూడా బ్రోకరుకే వస్తుంది, అందులో మీ వాటా మీకు. మీరే బ్రోకరు కావాలంటే గత అయిదేళ్ళలో నాలుగేళ్ళ అనుభవం, 900 గంటల చదువు కావాలి. ఎక్కువ కమిషన్ ఎవరిస్తారని కాకుండా, రాత్రి తొమ్మిదింటికి ఫోను చేస్తే ఎవరెత్తుతారని చూసి బ్రోకరును ఎంచుకోండి. ఈ సలహా ఊరికే చెప్పడం లేదు.

నా తప్పు

2018లో మనవాళ్ళే ఒక జంట నా ద్వారా మొదటి ఇల్లు కొనడానికి వచ్చారు. ఒప్పందం అయ్యాక టెక్సాస్‌లో కొన్ని రోజులు ఆప్షన్ గడువు పెట్టుకుంటారు. దానికి కొంత రుసుము ఇస్తే, ఆ గడువులోపల ఏ కారణం చెప్పకుండానైనా కొనేవారు విరమించుకోవచ్చు, బయానా డబ్బు వెనక్కి వస్తుంది. ఇక్కడి బంకమట్టి వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది కనుక పునాదుల బెడద ఎక్కువ. వాళ్ళ ఇంటికీ పునాదిలో లోపం ఉందని ఇన్‌స్పెక్టరు రాశాడు. చివరి రోజు సాయంత్రం నాలుగింటికి ఆ అమ్మాయి ఫోను చేసి "అక్కా, మాకొద్దు, మానుకుంటాం" అంది. నేను మా అమ్మాయిని డాన్సు క్లాసు దగ్గర దింపుతున్నాను. "రాత్రికి పంపిస్తాలేమ్మా, ఇవాళంతా టైముంది" అన్నాను.

గడువు అర్ధరాత్రి వరకు కాదు, సాయంత్రం అయిదింటి వరకు. ఫారంలో అచ్చులో ఉంది. నేను నోటీసు పంపింది ఏడున్నరకు.

మర్నాడు ఉదయం అమ్మేవారి ఏజెంటు నుంచి సమాధానం వచ్చింది, గడువు దాటిపోయిందని. బయానా నాలుగు వేల డాలర్లు. ఆ కుర్రాడు ఉద్యోగంలో చేరి రెండేళ్ళు. క్లాసు పరీక్షలో ఇదే ప్రశ్న వస్తే సరైన జవాబు గుర్తుపెట్టి మార్కు తెచ్చుకున్నదాన్ని నేను. డాన్సు క్లాసు వాకిట్లో అది గుర్తుకు రాలేదు.

నా బ్రోకరు అరవలేదు. ఫారం నా ముందు పెట్టి ఆ వాక్యం పైకి చదవమన్నారు. తరవాత నా ఎదుటే అవతలి బ్రోకరుకు ఫోను చేసి, పొరపాటు మాదేనని ఒప్పుకుని, కొనేవారి డబ్బు ఆపవద్దని అడిగారు. మూడు వారాలకు అమ్మేవారు సంతకం పెట్టారు, బయానా వెనక్కి వచ్చింది. ఆ మూడు వారాలూ నాకు కంటిమీద కునుకు లేదు. తప్పు నాదేనని ఆ జంటకు నేనే వెళ్ళి చెప్పాను. వాళ్ళు మరో ఏజెంటు ద్వారా ఇల్లు కొనుక్కున్నారు. సంక్రాంతి కార్యక్రమంలో కనిపిస్తే మర్యాదగానే పలకరిస్తారు. నన్ను గృహప్రవేశానికి పిలవలేదు. పిలవకపోవడం న్యాయమే.

అప్పటినుంచి ప్రతి ఒప్పందానికీ గడువు తేదీ, గంట ఒక కాగితం మీద రాసి వంటింట్లో ఫ్రిజ్ తలుపుకు అంటిస్తున్నాను.

మనవాళ్ళుండే వీధి

ఇంకో కష్టం మన సంఘంలోనే ఎదురవుతుంది. "వదినా, మనవాళ్ళు ఎక్కువగా ఉండే వీధిలోనే ఇల్లు చూపించు" అంటారు. పిల్లలకు తెలుగు తోడు దొరకాలని, పండక్కి పక్కింటికి అరిసెలు పంపుకోవాలని వాళ్ళ కోరిక. అందులో తప్పులేదు. ఫలానా వీధి కావాలని మీరు అడగవచ్చు. కానీ ఏ వీధిలో ఏ జాతివారున్నారో నేను చెప్పకూడదు, ఆ లెక్కన ఇళ్ళు ఏరి చూపించకూడదు. మొదటి సంవత్సరం నేనూ "అంతా మనవాళ్ళే ఉంటారండీ" అని నోరు జారి చీవాట్లు తిన్నాను.

దీని వెనక 1968 ఏప్రిల్ 11న సంతకమైన ఫెయిర్ హౌసింగ్ చట్టం ఉంది. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికే వచ్చింది. జాతి, రంగు, మతం, పుట్టిన దేశం చూసి ఇల్లు అమ్మననడం, అద్దెకివ్వననడం నిషేధం. 1974లో స్త్రీపురుష భేదం, 1988లో అంగవైకల్యం, పిల్లలున్న కుటుంబం అనేవి కూడా చేర్చారు. అంతకు ముందు అనేక ఊళ్ళలో తెల్లవారు కానివారికి అమ్మకూడదని దస్తావేజుల్లోనే రాసేవారు. అలాంటి రాతలను కోర్టులు అమలు చెయ్యరాదని 1948లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పినా, ఏజెంట్ల నోళ్ళు మూతపడలేదు. మీకు ఆ పేట బాగుంటుందని తియ్యగా చెప్పి దారి మళ్ళించేవారు. 1965 తరవాత వచ్చిన మన పెద్దలు కోరుకున్న చోట ఇల్లు కొనుక్కోగలిగారంటే ఈ చట్టం అండ ఉండబట్టే. మనకి నీడనిచ్చిన చెట్టును మనమే నరుక్కోకూడదు. నేను చెప్పనన్నందుకు "బాగా గొప్పదైపోయింది" అనుకుని వెళ్ళిపోయినవారున్నారు. స్కూళ్ళ వివరాలు ఎక్కడ చూసుకోవాలో చెబుతాను, సాయంత్రం పూట ఆ వీధిలో నడిచి చూడమంటాను. అంతవరకే.

కమిషన్‌లో ఎంత వెనక్కి ఇస్తావనేది మనవాళ్ళు అడిగే మరో ప్రశ్న. టెక్సాస్‌లో ఏజెంటు తన తరఫున కొనే వ్యక్తికి కొంత తిరిగి ఇవ్వవచ్చు, అప్పు ఇచ్చే బ్యాంకుకు తెలిసేలా కాగితాల్లో చూపించాలి. కొన్ని రాష్ట్రాల్లో అదీ నిషేధమే. అయితే "ఫలానావారిని నీ దగ్గరికి పంపాను, నాకేంటి?" అనే లైసెన్సు లేని మిత్రుడికి నగదు ఇవ్వడం కుదరదు. యాభై డాలర్లకు మించని చిన్న బహుమతి వరకే.

తరవాత కూడా చదువే

మొదటి రెండేళ్ళలో ఇంకో 90 గంటల చదువు, దానికి తోడు చట్టాల్లో వచ్చిన మార్పుల మీద 8 గంటలు పూర్తి చెయ్యాలి. ఆ తరవాత ప్రతి రెండేళ్ళకూ 18 గంటలు. లైసెన్సున్న ప్రతివారూ రియల్టర్ కారని కూడా గమనించండి. అది 1908లో పుట్టిన జాతీయ సంఘంలో సభ్యులైనవారికే చెందిన పేరు. ఆ సంఘం 2024లో 418 మిలియన్ డాలర్ల రాజీకి ఒప్పుకున్నాక, ఆ ఏడాది ఆగస్టు 17 నుంచి పద్ధతి మారింది. కొనేవారు ఇల్లు చూడబోయే ముందే తమ ఏజెంటుతో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవాలి, ఏజెంటుకు ఎంత ముడుతుందో అందులో స్పష్టంగా ఉండాలి. "ఊరికే చూసొద్దాం రా వదినా" అనే రోజులు పోయాయి. నాకు మాత్రం ఇది మంచిదే అనిపించింది. డబ్బు మాట ముందే తేలిపోతే స్నేహాలు నిలుస్తాయి.

హైదరాబాదులోనో విజయవాడలోనో ఫ్లాటు కొనే సభ్యులకు కూడా ఒక మాట. అక్కడ 2016 నాటి రెరా చట్టం ప్రకారం, నమోదైన ప్రాజెక్టుల్లో అమ్మిపెట్టే ఏజెంటు తాను కూడా నమోదు చేసుకుని ఉండాలి. లేకపోతే రోజుకు పదివేల రూపాయల చొప్పున జరిమానా. ఇన్ని గంటలు చదవాలనిగాని, పరీక్ష రాయాలనిగాని ఆ చట్టంలో లేదు. కనుక బావమరిది స్నేహితుడైనా సరే, నమోదు నంబరు అడిగి పుచ్చుకోండి.

ఇక గారెల వరసలో అడిగిన ప్రశ్నకు సమాధానం. రోజుకు రెండు, మూడు గంటలు కేటాయిస్తే చదువు, పరీక్ష కలిపి అయిదారు నెలల్లో అయిపోవచ్చు. శని, ఆదివారాల్లో ఇళ్ళు చూపించవచ్చు. కానీ గడువు మంగళవారం సాయంత్రం అయిదింటికి వస్తుంది, మీరు అప్పుడు ఆఫీసు మీటింగులో ఉంటారు. మొదటి ఆరు నెలలు నాకు ఒక్క పైసా రాలేదు. జీతంలోలాగా పన్ను పట్టుకునేవారు ఉండరు, మూడు నెలలకోసారి మీరే కట్టుకోవాలి.

ఇవన్నీ తెలిసి కూడా ముందుకు వచ్చేవారు తప్పకుండా రండి, నా పాత పుస్తకాలిస్తాను. నాన్నగారు ఇప్పుడు లేరు. ఆయన కలం మాత్రం నా దగ్గరే ఉంది. ఫారాలన్నీ కంప్యూటర్లోనే నింపుతాం కనుక దానికి వేరే పనేమీ లేదు. ఫ్రిజ్ మీది గడువు కాగితం దానితోనే రాస్తాను.